కాటర్ పిన్ను ఖరీదు

సైకిల్ పెడల్ కడ్డీని మధ్య ఇరుసుకి బిగించి ఉంచేది చిటికెన వేలంత కూడా లేని ఒక ఇనుప ముక్క. షాపుల్లో దాన్ని కాటర్ పిన్ను అంటారు. మందం 9.5 మిల్లీమీటర్లు. ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది, చివర చిన్న నట్టు ఉంటుంది. ఎదురుగాలిలోనో ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడో 60 కిలోల మనిషి సీటు మీంచి లేచి పెడల్ మీద నిలబడ్డాడనుకోండి. పెడల్ నుంచి ఇరుసు నడిమధ్యకి సుమారు 165 మిల్లీమీటర్ల దూరం. పిన్ను ఇరుసుని ఆనుకునే చోటు మాత్రం నడిమధ్య నుంచి ఎనిమిది మిల్లీమీటర్ల లోపే. ఈ రెండు దూరాల తేడా వల్ల మనిషి బరువు ఇరవై రెట్లకు పైగా పెరిగి ఆ పిన్ను మీద పడుతుంది. వెయ్యి కిలోలకు తగ్గని ఒత్తిడి అది, అదీ పెడల్ తిరిగిన ప్రతిసారీ. ఇనుము మెత్తదైతే పిన్ను చెక్కుడు భాగం నలిగిపోతుంది. కడ్డీ ఆడటం మొదలవుతుంది, తొక్కినప్పుడల్లా టక్కుమంటుంది. ఆ టక్కు వెనుక జరుగుతున్న నష్టం పిన్నుతో ఆగదు. కడ్డీకున్న గుండ్రటి రంధ్రం కోలగా సాగుతుంది, ఇరుసు మీది గాడి అంచు చెదురుతుంది. ఆ స్థితికి వచ్చాక ఎంత మంచి పిన్ను తెచ్చి కొట్టినా కుదురుగా కూర్చోదు. కడ్డీ మార్చాలి, ఇరుసు మార్చాలి, వాటితోపాటు ఇరుసు తిరిగే కప్పులూ బాల్సూ. గోటితో పోయేది గొడ్డలి దాకా వస్తుంది. నాసిరకం సైకిల్ సామాను గురించి మనం వేసే లెక్కలో అసలు తప్పు ఇక్కడే ఉంది. కొన్న వస్తువు ఎన్నాళ్లు వచ్చిందనే చూస్తాం కానీ, అది పాడవుతూ పక్కనున్న ఏ మంచి వస్తువుని పాడు చేసిందో చూడం.

ఇది చిన్న విషయం అనిపిస్తే, సైకిల్ మీద పనికి వెళ్లేవారు ఎందరో ఒకసారి చూడాలి. 2011 జనాభా లెక్కల్లో దేశంలోని 44.8 శాతం ఇళ్లలో సైకిల్ ఉంది. వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాకుండా ఇతర పనులు చేసేవారిలో దాదాపు 13 శాతం మంది పనికి సైకిల్ మీదే వెళ్తున్నారని ఆ లెక్కలే చెప్పాయి. రెండున్నర కోట్లకు పైగా జనం. తాపీ మేస్త్రీలు, వాచ్‌మన్లు, పాలు పోసేవాళ్లు, పేపర్ వేసే కుర్రాళ్లు, మిల్లు కార్మికులు వీళ్లు. హైదరాబాద్ ఔటర్ రింగు రోడ్డు పక్కన సోలార్ పలకల నీడలో 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ 2023లో తెరిచారు. మంచిదే, వ్యాయామానికి తొక్కేవారికి నీడ దొరికింది. తెల్లవారుజామున టిఫిన్ డబ్బా హ్యాండిల్‌కి తగిలించుకుని డ్యూటీకి వెళ్లే మనిషికి మాత్రం రోడ్డు మీద నీడ కన్నా ముందు కావలసింది, దారి మధ్యలో ఆగిపోని సైకిల్. సామాను పాడైతే అతనికి పోయేది వస్తువు ధర ఒక్కటే కాదు. ఆలస్యమైతే కోత, మరీ ఆలస్యమైతే ఆ రోజు కూలీ పోతుంది.

మరి సామాను ఎందుకు పాడవుతుంది? తయారుచేసినవాడు ఇనుము తక్కువ పోశాడనుకుంటాం. చేతిలో పెట్టుకుని బరువు చూస్తాం, మెరుపు చూస్తాం. నిజానికి మంచి సామానుకీ చెడ్డదానికీ బరువులో చెప్పుకోదగ్గ తేడా ఉండదు. తేడా అంతా కొలిమిలో ఉంది. చక్రం హబ్బులో బాల్స్ దొర్లే కోను, కప్పు లాంటి వాటిని ముందు మామూలు ఉక్కుతో కోస్తారు. తరవాత బొగ్గు సారం, అంటే కార్బన్, నిండిన వేడిలో సుమారు 900 డిగ్రీల దగ్గర గంటల తరబడి ఉంచుతారు. కార్బన్ మెల్లగా పైపొరలోకి ఇంకుతుంది. అప్పుడు ఒక్కసారిగా చల్లబరిస్తే ఆ పొర గట్టిపడుతుంది, లోపలి భాగం మాత్రం దెబ్బ ఓర్చుకునేలా మిగులుతుంది. మంచి గారెలాగా, పైన కరకర, లోపల మెత్తన. ఈ గట్టి పొర మందం మిల్లీమీటరులో కొంత భాగమే. అది ఎంత లోతుకి దిగిందనేది కొలిమిలో ఉంచిన సమయాన్ని బట్టి, వేడిని బట్టి ఉంటుంది. సమయమంటే ఇంధనం, ఇంధనమంటే డబ్బు. ధర తగ్గించాలనుకున్న తయారీదారుకి అన్నిటికన్నా తేలికైన దారి కొలిమి గంటలు తగ్గించడం. పొర పలచబడినా, అసలు లేకపోయినా, పైన పూసిన నికెల్ అలాగే తళతళలాడుతుంది. కొనేవాడి కంటికీ వేలికీ ఏ తేడా తెలియదు. తెలిసేది కొన్ని వారాల తరవాత, చక్రం పట్టుకుని ఊపితే అటూ ఇటూ ఆడినప్పుడు.

పలచటి పొర మీద బాల్ దొర్లినప్పుడు కింద మెత్తటి ఇనుము వంగుతుంది, పైపొర పగులుతుంది. కోను మీద చిన్న గుంటలు పడతాయి. గుంటలోంచి లేచిన రజను గ్రీజులో కలిసి సానరజనులా పనిచేస్తుంది. అక్కడి నుంచి అది ఆ ఒక్క కోనుతో పోదు, బాల్స్‌నీ కప్పునీ కూడా గీసేస్తుంది. కప్పు హబ్బులో బిగించి ఉంటుంది కాబట్టి చివరికి హబ్బు మార్చాలి, హబ్బు మార్చాలంటే చక్రం మొత్తం విప్పి స్పోకులు మళ్లీ అల్లాలి. వెనక హబ్బులో పక్కకి తొమ్మిది చొప్పున పావు అంగుళం బాల్స్ ఉంటాయి. ఇక్కడ ఇంకో పొదుపు అలవాటు ఉంది. పగిలిన రెండు బాల్స్ తీసి రెండు కొత్తవి వేయించుకోవడం. పాతవి అరిగి వెంట్రుక మందంలో కొంత తగ్గి ఉంటాయి, కొత్తవి నిండుగా 6.35 మిల్లీమీటర్లు ఉంటాయి. బరువంతా ఆ నిండు బాల్స్ మీదే పడి కోనులో గాడి తొలుస్తుంది. విచిత్రమేమిటంటే, మొత్తం సైకిల్లో మంచి రకమైనా చవకగానే దొరికేవి బాల్సే. అవి లక్షల కొద్దీ ఒకే కొలతలో తయారవుతాయి కనుక ధర తక్కువ. అక్కడ పొదుపు చేసి కోను దగ్గర నష్టపోవడం తెలివైన లెక్క కాదు.

చైను కథ కూడా ఇలాంటిదే, కాకపోతే దీన్ని ఇంట్లోనే కొలిచి చూడొచ్చు. చైను సాగిందంటాం కానీ దాని రేకులు సాగవు. ఒక్కో కీలులో ఉండే చిన్న పిన్నూ దాని చుట్టూ ఉండే గొట్టమూ ఒకదానితో ఒకటి రాసుకుని అరుగుతాయి. కీలు కీలుకీ వచ్చిన ఆ సందులన్నీ కలిసి పొడవుగా కనిపిస్తాయి. చైనులో ఒక పిన్ను నుంచి పక్క పిన్నుకి అర అంగుళం, అంటే 12.7 మిల్లీమీటర్లు. టేపు అంచుని ఒక పిన్ను మధ్యలో పెట్టి ఇరవై నాలుగు లింకులు లెక్కపెడితే సరిగ్గా 12 అంగుళాల దగ్గర ఇంకో పిన్ను రావాలి. 12 దాటి అంగుళంలో పదహారో వంతు పోయిందంటే చైను మార్చే సమయం వచ్చినట్టు. ఎనిమిదో వంతు పోయిందంటే చైనుతోపాటు ఫ్రీవీల్ పళ్లు కూడా అరిగిపోయినట్టే. పొడవు పెరిగిన చైను అన్ని పళ్ల మీదా సమంగా కూర్చోదు, బలమంతా ఒకటి రెండు పళ్ల మీదే పడుతుంది. పన్ను కొక్కెంలా వంగుతుంది. ఆ పళ్ల మీద కొత్త చైను వేస్తే జారుతుంది, ఎగిరిపడుతుంది. పిన్నులు సరిగ్గా గట్టిపరచని చైను ఈ దూరాన్ని చాలా త్వరగా పరుగెడుతుంది. చూడకుండా వదిలేస్తే దాని ధరకి ఫ్రీవీల్ ధర, ముందు పళ్లచక్రం ధర తోడవుతాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం న్యాయంగానే వస్తుంది. సామాను తప్పేముంది, మనవాళ్లు సైకిల్‌ని చూసుకోరు కదా అని. ఏళ్ల తరబడి గ్రీజు మార్చరు, చైనుకి కాలిన ఇంజన్ ఆయిల్ పోస్తారు, వానలో నానబెడతారు, క్యారియర్ మీద రెండు బియ్యం బస్తాలు వేస్తారు. అబద్ధం కాదు. కోనుని అతిగా బిగించినా, వదులుగా వదిలినా ఎంత మంచిదైనా చెడుతుంది. అయితే వాడకం వల్ల పోయిందా, సామాను వల్ల పోయిందా అని విడదీసి చూసే ఉపాయం సైకిల్లోనే ఉంది. ముందు చక్రాన్ని తీసుకోండి. దాని రెండు పక్కలా కోనులు ఉంటాయి. రెంటికీ ఒకే దుమ్ము, ఒకే వాన, ఒకే గ్రీజు, దాదాపు ఒకే బరువు. ఒక పక్క ఫ్యాక్టరీ నుంచి వచ్చిన పాత కోను, రెండో పక్క తరవాత వేసిన కొత్త కోను ఉన్న హబ్బుని విప్పినప్పుడు, పాతది నున్నగా ఉండి కొత్తది గుంటలు పడి ఉంటే తప్పు యజమానిది ఎలా అవుతుంది? మెకానిక్ విప్పిన ప్రతిసారీ రెండు కోనులూ పక్కపక్కన పెట్టి చూస్తే ఈ ప్రశ్నకి జవాబు దొరుకుతుంది. అంతకన్నా ముఖ్యమైనది, మంచి సామానుకి కొంత నిర్లక్ష్యాన్ని భరించే ఓపిక ఉంటుంది. ఆరుబయట నిలబడి, రోజంతా పనిచేసే సైకిల్‌కి ఆ ఓపిక విలాసం కాదు, మొదటి అర్హత.

మన రోడ్ల మీది నల్ల సైకిల్‌కి ఒక గొప్ప సుగుణం ఉంది. ఏ కంపెనీ సైకిల్‌కైనా ఏ ఊరి షాపులోని సామానైనా పడుతుంది. ఇది బ్రిటిష్ వారి కాలం నుంచి వచ్చిన కొలతల వారసత్వం. స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో మద్రాసులో టీఐ సైకిల్స్ 1949లో, సోనీపత్‌లో అట్లాస్ 1951లో, లుధియానాలో హీరో 1956లో మొదలైనప్పుడు దాదాపు ఆ కొలతలనే పట్టుకున్నాయి. 28 అంగుళాల చక్రం, కాటర్ పిన్ను కడ్డీ, అర అంగుళం చైను, కడ్డీలతో లాగే బ్రేకులు. అందువల్లే మారుమూల పల్లెలో కూడా సైకిల్ మూలన పడదు. కానీ అదే సుగుణం వెనక తలుపు కూడా తెరిచింది. కొలత ఒకటే కాబట్టి పేరు లేని ఏ చిన్న షెడ్డయినా కోనులు, పిన్నులు చేసి పెట్టెలో పోసి అమ్మొచ్చు. సైకిల్ సామానుకి కేంద్రమైన లుధియానాని నిందించడం నా ఉద్దేశం కాదు. దేశానికి అత్యంత మంచి సామానూ అక్కడి నుంచే వస్తుంది, అత్యంత చెడ్డదీ అక్కడి నుంచే వస్తుంది, రెండూ ఒకే లారీలో రావచ్చు కూడా. పైగా సైకిల్ ఆయుష్షు ఒక్కోసారి కంపెనీ కన్నా ఎక్కువ. అట్లాస్ సాహిబాబాద్ ఫ్యాక్టరీ 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు, మూతపడింది. ఆ సైకిళ్లు ఇంకా తిరుగుతూనే ఉన్నాయి. వాటికి ‘కంపెనీ సామాను’ అంటే ఇప్పుడు అర్థమేమిటి?

కంటికి కనిపించని నాణ్యత ఉన్న ప్రతి బజారుకీ పట్టే జబ్బు ఒకటుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల వ్యాపారాన్ని ఉదాహరణగా తీసుకుని దీన్ని వివరించాడు. 2001లో ఆయన నోబెల్ బహుమతి పంచుకున్నది ఇలాంటి పరిశోధనకే. కొనేవాడికి మంచిదేదో చెడ్డదేదో తెలియనప్పుడు, ఎందుకైనా మంచిదని తక్కువ ధరే ఇవ్వజూపుతాడు. ఆ ధరకి మంచి సరుకు అమ్మేవాడికి గిట్టదు, తప్పుకుంటాడు. బజారులో మిగిలేది నాసిరకమే. అప్పుడు కొనేవాడి అనుమానం నిజమై, ధర ఇంకా దిగుతుంది. మన సైకిల్ షాపులో జరిగేది అచ్చంగా ఇదే. ‘అన్నా, తక్కువలో చూడు’ అంటాడు వచ్చినవాడు. రెండు కోనులూ ఒకలాగే మెరుస్తున్నప్పుడు, ఖరీదైనది తీసుకో అని చెప్పే మెకానిక్ మోసగాడిలా కనిపిస్తాడు. రెండుసార్లు ఆ మాట పడ్డాక అతను మంచి రకం తెప్పించడమే మానేస్తాడు. మెకానిక్‌కి మాటిమాటికీ రిపేర్లు వస్తే లాభమే కదా అనేవారున్నారు. కోను బిగించిన నెలకే చక్రం ఆడుతోందని తిరిగొచ్చినవాడు మళ్లీ పూర్తి కూలీ ఇస్తాడా? తిట్టి, ఊరికే చేయించుకుని పోతాడు. ఈ బేరంలో మెకానిక్ కూడా నష్టపోయేవాడే.

సైకిలే పాతది, దానికి ఖరీదైన సామాను ఎందుకు అనే మాట అన్నిటికన్నా గట్టి అభ్యంతరం. చేతిలో డబ్బు లేనివాడికి రేపటి లాభం చెప్పి ఉపయోగం లేదన్నది కూడా నిజం. అయినా లెక్క ఒకసారి సరిగ్గా వేద్దాం. ఉదాహరణకి నాసిరకం సామాను 40 రూపాయలు, మంచిది 80, బిగించే కూలీ 60 అనుకుందాం. కూలీ రెంటికీ ఒకటే, ఎందుకంటే విప్పడం, కడగడం, గ్రీజు పెట్టడం, సరిచూడటం ఏదైనా అంతే పని. నాసిరకంతో మొత్తం 100, మంచిదానితో 140. సామాను ధర రెట్టింపైనా ఖర్చు రెట్టింపు కాలేదు. మంచిది నాసిరకం కన్నా ఒకటిన్నర రెట్ల కాలం వచ్చినా చాలు, లాభమే. గట్టి పొర సరిగ్గా ఉన్న కోను ఆ మాత్రం రావడం పెద్ద విశేషం కాదు. పక్క భాగాల నష్టం, పోయిన కూలీ రోజు ఈ లెక్కలో కలపనే లేదు. పాత సైకిల్ అన్న వాదన కూడా ఇక్కడ తిరగబడుతుంది. ఫ్రేము, చక్రాల రిమ్ములు, హబ్బులు పాతకాలపు మంచివైతే వాటిని కాపాడుకోవడానికే మంచి కోను కావాలి.

అలాగని ధర ఎక్కువైతే మంచిదని నేను చెప్పడం లేదు. పేరున్న కంపెనీ అట్టపెట్టెలో డూప్లికేట్ సామాను రావడం ఎవరికీ కొత్త కాదు. అన్నీ ఖరీదైనవే కొనాలని కూడా కాదు. బెల్లు, మడ్‌గార్డు, స్టాండు, హ్యాండిల్ పిడులు, సీటు కవరు, చైన్ కవరు చవకవి వేసుకోండి. అవి పాడైతే కనిపిస్తాయి, పోతే అవే పోతాయి, పక్కవాటిని తీసుకుపోవు. రాసుకునేవి, దొర్లేవి, మనిషి బరువు మోసేవి వేరు జాతి. కోనులు, ఇరుసులు, కాటర్ పిన్నులు, చైను, ఫ్రీవీల్ ఆ జాతివి. వీటిని కొనేటప్పుడు పెట్టె మీది పేరు కాకుండా ఇనుము మీద కొట్టిన ముద్ర చూడాలి. ప్రతి సైకిల్ షాపులో ఉండే ఆకురాయితో ఒక పరీక్ష కూడా ఉంది. బాల్స్ తిరిగే వంపు జోలికి పోకుండా, కోను అంచు మీద ఆకురాయితో ఒక్కసారి నెమ్మదిగా గీయాలి. సరిగ్గా గట్టిపరచిన ఉక్కు మీద ఆకురాయి పట్టు దొరకక జారిపోతుంది. మెత్తది అయితే పళ్లు దిగి, నికెల్ కింద తెల్లటి గీత పడుతుంది. కాటర్ పిన్నుకి ఈ పరీక్ష పనికిరాదు, అది గట్టిగా ఉంటూనే పెళుసుగా ఉండకూడదు. దాన్ని సుత్తితో కొట్టి కూర్చోబెట్టి ఆ తరవాతే నట్టు బిగించాలి, నట్టుతోనే లాగితే మర చెడుతుంది. కొద్ది రోజులు తొక్కాక మళ్లీ ఒకసారి సుత్తి దెబ్బ వేసి బిగిస్తే మంచి పిన్ను స్థిరపడుతుంది, ఎన్నిసార్లు బిగించినా మళ్లీ వదులైతే అది మెత్తదే.

డబ్బు లెక్కలకు అందని సామాను మూడు రకాలు. ఫ్రీవీల్ లోపల చిన్న కొక్కేలు, వాటిని పైకి నెట్టే సన్నటి స్ప్రింగులు ఉంటాయి. నిలబడి తొక్కుతున్నప్పుడు అవి పట్టు వదిలితే కాలు గాలిలోకి జారి, మనిషి హ్యాండిల్ మీద పడతాడు. అదీ సాధారణంగా రద్దీ రోడ్డు దాటే తొందరలో. రెండోది బ్రేకు రబ్బరు. మన సైకిళ్ల ఉక్కు రిమ్ము తడిస్తే ఎంత మంచి రబ్బరుకైనా పట్టు చాలా పడిపోతుంది. బలపం లాగా బిగుసుకుపోయిన నాసి రబ్బరైతే వానలో బ్రేకు ఉన్నా లేనట్టే. మూడోది టైరు. అంచులో ఉండే తీగ సరిగ్గా లేకపోతే గాలి నిండుగా కొట్టినప్పుడు టైరు రిమ్ము దాటి బయటికి వస్తుంది, ట్యూబు పేలుతుంది. పోయేది సామాను ఒక్కటే కానప్పుడు ‘ఎన్నాళ్లు వస్తుంది’ అన్న ప్రశ్నకి చోటు లేదు.

కొనేవాడి తెలివితో మాత్రమే ఈ జబ్బు పోదు. అకర్లాఫ్ చెప్పిన బజారుకి మందు, నాణ్యతని కంటికి కనిపించేలా చేయడం. మోటారు సైకిల్ హెల్మెట్‌కి 2021 జూన్ నుంచి ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి అయింది. కొనేవాడికి హెల్మెట్ లోపలి థర్మకోల్ గురించి తెలియక్కరలేదు, గుర్తు చూస్తే చాలు. సైకిళ్ల భద్రతకి కూడా ఐఎస్ 10613 అనే భారతీయ ప్రమాణం ఉంది. కానీ పల్లెటూరి షాపులో సీసాలోంచి తీసి ఇచ్చే విడి పిన్ను మీద ఏ గుర్తూ ఉండదు. నిబంధనలు పెడితే చిన్న షెడ్లు మూతపడతాయని, ధరలు పెరిగి పేదవాడికే దెబ్బ అని అంటారు. లైసెన్సుల కాగితాలతో మొదలుపెడితే అలాగే అవుతుంది. అంతదూరం పోనక్కరలేదు. ప్రతి కోను మీద, పిన్ను మీద తయారుచేసినవారి ముద్ర ఉండాలన్న ఒక్క నియమం చాలు. పేరు లేకపోవడమే ఈ వ్యాపారానికి రక్ష. పేరు పడితే, ఏ ముద్ర కోను నిలుస్తుందో ఏ ముద్రది గుంటలు పడుతుందో ఒక సంవత్సరంలో మెకానిక్‌లే తేల్చేస్తారు. ప్రభుత్వాలు ఇంతకన్నా తేలికగా చేయగల పని మరొకటి ఉంది. ఆడపిల్లలు బడి మానకుండా ఉండటానికి పెద్ద సంఖ్యలో సైకిళ్లు కొని పంచే రాష్ట్రాలు, టెండరులోనే ప్రతి సైకిల్‌తోపాటు రెండు జతల కోనులు, ఒక జత కాటర్ పిన్నులు, ఒక చైను అదే కంపెనీ నుంచి ఇవ్వాలని, వచ్చిన సరుకులోంచి కొన్ని తీసి గట్టిదనం పరీక్షించాలని రాయొచ్చు. సైకిల్ ధరతో పోలిస్తే అది కొద్దిపాటి ఖర్చు. దాంతో ఎనిమిదో తరగతిలో అందుకున్న సైకిల్ పదో తరగతి పరీక్షల దాకా తిరుగుతుంది.